పీతల గదిలో మాటలు

జూన్ 6, 1994, సోమవారం

యూనివర్సిటీ పిల్ల ఉత్తరాల పడవలో దిగింది. పేరు క్లేర్. ఇరవై ఏడేళ్ళుంటాయేమో, రెండు పెట్టెల నిండా క్యాసెట్లు తెచ్చుకుంది. బట్టలు మాత్రం చిన్న సంచిలో ఉన్నాయి. మేడ మీద గది ఇచ్చాను. మా దీవిలో ఇంగ్లీషు ఉచ్చారణ తరం తరానికీ ఎలా మారుతోందో రికార్డు చేసుకుంటుందట. ముందు నన్నే అడగమని పాస్టరుగారు చెప్పారట. చెప్పక ఏం చేస్తారు? ముప్పై నాలుగేళ్ళు ఈ దీవి పిల్లలకి మాట్లాడ్డం నేర్పింది నేనే కదా.

నా ముందుగదే వాడుకోమన్నాను. వెలుతురు బాగుంటుంది, రోడ్డు చప్పుడు ఉండదు. మా రోడ్డు మీద చప్పుడు చేసేదేముంది, రెండు సైకిళ్ళూ ఓ కుక్కా.

ఎమ్మెట్ పీతల బోనులు కడుక్కుని వచ్చి, ఆ పిల్లతో రెండు ముక్కలు మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం. నా వైపు చూసింది. మా ఆయన మాట నేను తర్జుమా చేయాల్సొచ్చింది. పెళ్ళైన కొత్తలోనే ఆయన్ని దిద్దడం మానేశాను. మొండిఘటం.

జూన్ 10, శుక్రవారం

పదకొండు మంది అయ్యారు. అందరూ నా ముందుగదిలోనే, నేను కాఫీ పోస్తుండగానే. రాత్రి భోజనాల బల్ల మీద క్లేర్ ఓ పెద్ద కాగితం పరిచింది. ఇల్లు అనే మాటను అవతలి ఒడ్డు వాళ్ళు 'హౌస్' అంటారు, మా వాళ్ళు నాలుక ముందుకు తోసి 'హెయిస్' అంటారు. ఎవరి నోట్లో నాలుక ఎంత ముందుకొచ్చిందో చుక్కలు పెట్టింది. డెబ్భై దాటిన వాళ్ళ చుక్కలన్నీ పైన. నలభై అయిదు లోపు వాళ్ళవన్నీ అడుగున. మధ్యలో ఖాళీ.

"ఈ ఉచ్చారణ మీ అక్క ఓర్ఫాగారి వయసు వాళ్ళతో అయిపోతుంది మేడమ్. పిల్లలందరూ టీవీలో వార్తలు చదివే వాళ్ళలా మాట్లాడుతున్నారు," అంది. చావు కబురు చెప్పినట్టు చెప్పింది.

టీవీ ఏమిటి, నేను. ఆ మాట పైకి అనలేదు. నాకు లోపల గర్వంగా కూడా ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి తన స్నేహితుల్ని పిలుచుకొచ్చి, "ఏదీ, ఇంకోసారి అను" అనేది. నేను అనేదాన్ని. వాళ్ళు మంచాల మీద పడి నవ్వేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ పిల్లని, వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని. మా దీవి పిల్ల ఒక్కతె కూడా మళ్ళీ అలా నిలబడకూడదని టీచరునై వచ్చాను. చేతి అద్దం మూతి ముందు పెట్టి, నాలుక ఎక్కడుందో చూసుకోమని, ఒక్కో మాట ఇరవై సార్లు అనిపించేదాన్ని. నా కూతురు వెర్లీన్‌ని అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టేదాన్ని. సొంత కూతురికి ఓ న్యాయం, ఊరికి ఓ న్యాయమా అని ఎవరూ అనకూడదుగా.

వెర్లీన్ ఈ రోజు నా ముందుగదిలో ఎంత చక్కగా మాట్లాడిందని! ఒక్క తప్పు దొర్లలేదు.

జూన్ 12, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే ఓర్ఫా అక్క నా చెయ్యి పట్టుకుని, "ఆ గుంట నాలుకలు కొలస్తన్నాదట కదేటే, నాది ఎంత పొడుగున్నాదో సెప్పిందా?" అంది. డెబ్భై ఒకటి వచ్చాయి, మనిషికి హద్దూ అదుపూ లేదు. నెమ్మదిగా మాట్లాడవే అన్నాను. జనం వింటున్నారు.

జూన్ 14, మంగళవారం

క్లేర్‌కి కొత్త ఆలోచన వచ్చింది. నిన్న మధ్యాహ్నం పీతల గదిలో కిటికీ గట్టు మీద రికార్డరు పెట్టి వచ్చేసిందట. అక్క, వెర్లీన్, దాని స్నేహితురాలు లాటీ, ఇంకో ముగ్గురు, పీతలు ఒలుచుకుంటూ మామూలుగా మాట్లాడుకోవాలన్నమాట. వాళ్ళూ సరే అన్నారట. తొంభై నిమిషాల క్యాసెట్టు. ఆ పిల్లకి అందులో పావు వంతు కూడా బోధపడలేదు. నాకు ఇచ్చింది, విని కాగితం మీద రాసిపెట్టమని. తను అవతలి ఒడ్డుకి వెళ్ళి రెండు వారాల తర్వాత వస్తుంది. ఇంకో కాపీ లేదు మేడమ్, జాగ్రత్త అని రెండుసార్లు చెప్పింది. నాకు చెప్పాలా జాగ్రత్త?

జూన్ 15, బుధవారం

విన్నాను.

మొదట వేరే ఊరి మనిషెవరో పీతల గదిలో కూర్చుందనుకున్నాను. గొంతు వెర్లీన్‌దే. మాట వెర్లీన్‌ది కాదు. నాతో "అమ్మా, మీరు భోజనం చేశారా?" అనే పిల్ల, అక్కడ "ఏటే లాటీ, ఆ గంప ఇటు తోయ్, కూకుని కునుకుతన్నావేటి" అంటోంది. నాలుక అక్క కంటే ముందుకొచ్చింది. నిజం. క్లేర్ కొలిస్తే చుక్క కాగితం దాటి బల్ల మీద పడుతుంది. లాటీ కూడా అంతే. నలభై అయిదు లోపు వాళ్ళందరూ వాళ్ళ అమ్మమ్మల కంటే ముదురుగా మాట్లాడుతున్నారు. ఇన్నేళ్ళు నేను దిద్దిన నోళ్ళు.

తర్వాత తలుపు చప్పుడు. ఎవరో "ఒచ్చీసింది, ఒచ్చీసింది" అన్నారు. "అందరూ కులాసాయేనా?" అని ఓ గొంతు. ఎవరబ్బా ఈ పెద్ద దొరసాని అనుకున్నాను. నేనే. నిన్నగాక మొన్న నిమ్మకాయ నీళ్ళు పట్టుకెళ్ళానుగా. గదిలో కత్తుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు అందరూ ఒక్కసారిగా, చిలకల్లా, "కులాసాగా ఉన్నాము టీచర్." నేను వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయాను. తలుపు మూసుకుంది. నవ్వు. ఆ నవ్వు మధ్యలో నేను మళ్ళీ మాట్లాడుతున్నాను. "అందరూ కులాసాయేనా? పెదవులు గుండ్రంగా పెట్టండి. నాలుక వెనక్కి." వెర్లీన్. నన్ను అచ్చుగుద్దినట్టు దించేసింది. అలవాటైన పని అని వింటేనే తెలుస్తోంది. "మల్లీ సెయ్యే, మల్లీ సెయ్యే" అని అడుగుతున్నారు.

తల కొట్టేసినట్టయింది. ఈ వీధిలో నాకు ఎదురొచ్చి నమస్కారం పెట్టిన ప్రతి మనిషీ, పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, మా ఇంటి వంటింట్లో కూడా, నా కోసం నోరు మార్చుకుని మాట్లాడారన్నమాట. నేను గడప దాటగానే మళ్ళీ మార్చుకున్నారు.

ఇంకా కొంత ఉంది. చివరిదాకా విన్నాను.

జూన్ 16, గురువారం

క్యాసెట్ పాడైపోయింది. మా వంటింటి మెషీను పాతది.

జూన్ 17, శుక్రవారం

ఎమ్మెట్ పొద్దున్న కాఫీ తాగుతూ, నిన్న గంటన్నరసేపు వాతావరణ రేడియో ఎందుకు పెట్టావని అడిగాడు. నీటి మీదకి వెళ్ళేది నువ్వా నేనా అన్నాడు. తుఫాను వస్తుందేమో అని విన్నానన్నాను. ఆయన ఆకాశం వంక చూసి, నా వంక చూసి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. మబ్బు తునక కూడా లేదు.

జూన్ 21, మంగళవారం

క్లేర్ ఫోన్ చేసింది. టేపు నలిగిపోయిందని చెప్పాను. అయ్యో అంది, ఏడ్చినంత పని చేసింది, అంతలోనే నన్నే ఓదార్చింది, మీ తప్పేం కాదు మేడమ్ అని. సరే ముందుగది రికార్డులు ఉన్నాయి కదా, వాటితోనే రాసేస్తాను, ఇక మళ్ళీ రానంది. అంటే ఆ కాగితం అలాగే ఉంటుంది. అక్క వయసు వాళ్ళతో మా మాట చచ్చిపోయిందని పుస్తకాల్లో పడుతుంది. ఆ మాట చావలేదని తెలిసి కూడా ఊరుకున్నాను. క్లేర్‌కి నేను చెప్పింది పూర్తి అబద్ధం కాదు. టేపు పాడైన మాట నిజమే.

జూన్ 22

కాదు, అబద్ధమే.

జూన్ 25, శనివారం

ఓర్ఫా పోయింది. నిద్రలోనే. వెర్లీన్ పొద్దున్న కాఫీ తీసుకెళ్ళి చూసింది.

జూన్ 28, మంగళవారం

నిన్న పాతిపెట్టాం. పడవలన్నీ ఆపేశారు, ఒక్కడు కూడా పీతలకి వెళ్ళలేదు. మా నేల పల్లం, శ్మశానానికి వేరే మెరక చోటు లేదు కాబట్టి ఇంటి ముందు వాకిట్లోనే, అమ్మ పక్కనే పెట్టాం. వెర్లీన్ ఏడవలేదు. వెర్లీన్‌ని పెంచింది అక్కే. నేను బడికి వెళ్తే, దాని తిండీ నిద్రా అక్క దగ్గరే. పెద్దమ్మా అని కాదు, వట్టి అమ్మా అని పిలిచేది అక్కని. నన్ను మాత్రం, బడిలో మిగతా పిల్లలతో పాటు, టీచర్ అనేది. ఇంటికొచ్చాక అమ్మా అనేది, మీరు అనేది. మర్యాదగా పెరిగిందని నేను మురిసిపోయేదాన్ని.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, వెర్లీన్ చేతులు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఆ పీతల గది క్యాసెట్టు మీ దగ్గరే ఉందిగా. ఒక్కసారి ఇస్తారా? పెద్దమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ముందుగదిలో కూర్చోడానికి ఆవిడ ఒప్పుకోలేదట."

నిజమే. క్లేర్ ఎంత అడిగినా అక్క మా ముందుగదికి రాలేదు. నా కుర్చీల్లో కూచుంటే నాలుక తిరగదు అందట.

లాటీ వెర్లీన్ వెనకాలే ఉంది. ఆ రోజు మేమందరం పీత కండ డబ్బాలు పడవలో ఎక్కించడానికి వెళ్ళామండీ, ఓర్ఫా అత్త ఒక్కతే ఉండిపోయి ఆ మెషీనుతో ఏదో మాట్లాడింది, కిటికీలోంచి చూశాను అంది. ఏం మాట్లాడావత్తా అంటే నీకెందుకు, వినాల్సిన వాళ్ళు వింటారులే అందట.

క్యాసెట్ నలిగిపోయిందమ్మా అన్నాను. క్లేర్‌కి కూడా చెప్పానన్నాను. వెర్లీన్ నా ముఖం కేసి చూసింది. "పరవాలేదు అమ్మా. మీరేం బాధపడకండి," అంది. ఎంత స్పష్టంగా అందో, ప్రతి అక్షరం దేనికది విడిగా. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ఆ శుభ్రమైన మాట వినలేక గిన్నెల వైపు తిరిగాను.

జూలై 3, ఆదివారం

పొద్దున్న ప్రార్థనకి ముందు సాక్ష్యాల కూటం. మా దీవిలో ప్రతి ఆదివారం ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు లేచి నిలబడి చెప్పుకోవచ్చు, ఊరంతా వింటుంది, ఎవరూ అడ్డం మాట్లాడరు. పోయినేడు మా మరిది తాగుడు గురించి అక్కడే ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోవాల్సిన మాటలు రాత్రంతా కూర్చి పెట్టుకున్నాను. లేచాను. ఊరంతా నా వైపు తిరిగింది. వాళ్ళ నోళ్ళు నా కోసం సర్దుకుంటున్నట్టు అనిపించింది. ఎవరూ ఏమీ అనకుండానే.

అప్పుడు నేను, అక్కని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. అలలు శాంతంగా ఉంచినందుకు కూడా చెప్పాను. కూర్చున్నాను. "ఆమెన్ టీచర్" అన్నారు. సిగ్గులేని ముండని.

జూలై 4, సోమవారం

అవతలి ఒడ్డున స్వాతంత్ర్య దినం బాణసంచా కాలుస్తున్నారు, ఎమ్మెట్ రేవు మీదకి చూడ్డానికి వెళ్ళాడు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధాలు రాసుకున్నానంటే నన్ను నేను ఏమనుకోవాలి?

ఆ పదహారో తేదీన వంటింటి మెషీనులో క్యాసెట్ పెట్టాను. మొదటికి తిప్పాను. ఎర్ర బొత్తాం నొక్కాను. వేలు జారలేదు. వాతావరణ రేడియో పెట్టి రెండు వైపులా నింపాను. గంటన్నరసేపు పక్కనే నిలబడ్డాను. గాలి నైరుతి నుంచి, అల ఒక అడుగు. చదివేవాడి గొంతు ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు. నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నేర్పిన గొంతు అదే. వాడు అక్క మీద, వెర్లీన్ మీద, వాళ్ళ నవ్వు మీద అలా చదువుకుంటూ పోయాడు.

వెక్కిరించినందుకు చెరిపానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వెక్కిరింత కాదు. టీచర్లని పిల్లలు వెక్కిరిస్తారు, అది నాకు తెలీదా? నేను చెరిపింది చివరి ముక్క కోసం. అందరూ వెళ్ళాక అక్క ఒక్కతే కూర్చుని మెషీనుతో మాట్లాడింది కదా, అది నాతో మాట్లాడింది. నా పేరు పెట్టి. నా మీద జాలిపడింది. తిడితే ఉంచేదాన్నేమో. జాలి ఊరందరూ వింటారంటే తట్టుకోలేకపోయాను. అక్క బతికే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళి మాట్లాడొచ్చు అనుకున్నాను. తొమ్మిది రోజులున్నాయి నాకు. మా ఇంటికీ దానింటికీ మధ్య ఒక్క కంచె. వెళ్ళలేదు.

జూలై 5

వెళ్ళాలి. రేపు.

జూలై 6, బుధవారం

ముందు క్లేర్‌కి ఉత్తరం రాశాను. టేపు నలగలేదు, నేనే చెరిపాను, నీ కాగితంలో కింద ఉన్న చుక్కలన్నీ నా కుర్చీల్లో కూర్చుని పెట్టిన చుక్కలు, వాటిని నమ్మకు, మళ్ళీ వచ్చి పీతల గదిలో కూర్చో, నేను ఆ చుట్టుపక్కలకి కూడా రాను అని రాశాను. మధ్యాహ్నం పడవకి ఇచ్చేశాను. అది తేలికైన పని.

తర్వాత పీతల గదికి వెళ్ళాను. గుమ్మం బయటికే వినిపిస్తున్నాయి మాటలు. ఎక్కడ అడుగు పెడితే ఆగిపోతాయో నాకిప్పుడు తెలుసు. అక్కడ పెట్టాను. ఆగిపోయాయి. "రండి టీచర్," అంది లాటీ. వెర్లీన్‌తో మాట్లాడాలి, మీరూ ఉండండి, అన్నాను. అక్క కుర్చీ ఖాళీగానే ఉంచారు. నేను నిలబడే చెప్పాను. క్యాసెట్ నలగలేదు, దాని మీద వాతావరణ రేడియో పెట్టి చెరిపాను. నువ్వు నన్ను దించింది విన్నాను. అందుకు కాదు. పెద్దమ్మ చివర్లో నాతో మాట్లాడింది, అది ఎవరూ వినకూడదని చెరిపాను. పెద్దమ్మ పోతుందని నాకు తెలీదు. తెలిసినా చెరిపేదాన్నేమో, అదీ తెలీదు.

వెర్లీన్ చేతిలో కత్తి బల్ల మీద పెట్టింది. మిగతావాళ్ళు పీతల వంక చూస్తూ ఉండిపోయారు. అది నా దగ్గరకొచ్చి నిలబడింది. మీరు అంటుందనుకున్నాను. పరవాలేదు అంటుందేమో అని భయపడ్డాను.

"తుడిసీసినావా?" అంది. "నువ్వు. మాయమ్మ గొంతు తుడిసీసి దానిమీద గాలీ వానా ఎట్టినావా? నిన్ను ఏటనాలే నాను? నా నోరు నువ్వు సిన్నప్పుడే లాగీసుకున్నావు, ఒగ్గీసినాను. నా పెల్లిలో నా మొగుడితోటి మాటాడ్డానికి కూడా నిన్ను సూసి బయపడ్డాను, ఒగ్గీసినాను. దాన్ని కూడా నా కాడ ఉంచవేటి? ఒక్క మనిసి. ఆ ఒక్క మనిసి నాకు మాటలు నేర్పినాది."

నలభై ఏళ్ళకి నా కూతురు నాతో మాట్లాడింది. తిట్టింది. నేను తల దించుకుని నిలబడ్డాను. సంతోషం కలిగిందని రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది, కానీ కలిగింది. ఆ క్షణంలో కలిగింది, దాని కళ్ళు చూసేసరికి చచ్చిపోయింది.

"ఏటన్నాదది?" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. అక్క ఏమందంటే, ఆవిడ నన్ను బాధపడవద్దని...

"అలాగ కాదు. అదెలాగ అన్నాదో అలాగే సెప్పు. నీకు మాత్రమే తెలుసు ఇప్పుడు. నీ ఇస్కూలు మాట నాకక్కర్నేదు."

నోరు తెరిచాను. రాలేదు. నాలుగు పదుల ఏళ్ళుగా వెనక్కి నెట్టిన నాలుక వెనకే ఉండిపోయింది. మొదటిసారి చెబితే ఎవరో టీచరు ఊరివాళ్ళని వెక్కిరిస్తున్నట్టే ఉంది. నాకే అసహ్యం వేసింది. లాటీ తల తిప్పేసుకుంది. వెర్లీన్ మాత్రం కదల్లేదు. కళ్ళు మూసుకున్నాను. అక్క ఆ రోజు బల్ల తుడుస్తూ మాట్లాడింది, గుడ్డ చప్పుడు కూడా ఉంది టేపులో. ఆ తుడుపుతో పాటే మాటలు వచ్చాయి:

"ఐడా, ఇది నువ్వే ఇంటావని నాకు తెల్సు. ఇని ఏడవకు. గుంటలు ఆడుకుంటారు, అంతే. వెర్లీన్‌కి నీ మీద కోపం నేదే. నీతోటి మన మాట మాటాడాలని దానికి ఉన్నాది, బయ్యం, అంతే. నువ్వే ముందు మాటాడు. దానికన్నా పెద్దదానివి నువ్వు కదేటి? నువ్వు నిద్దట్లో మాటాడితే ఇప్పటికీ అచ్చం మనమ్మే, ఎమ్మెట్ సెప్పినాడు నాకు. నీ మాట ఎక్కడికీ పోనేదు. ఇన్నాల్లూ మీ ఇద్దరి మద్దిలో నాను తిరిగినాను, దాని మాట నీకూ, నీ మాట దానికీ సెప్పుకుంటా. నాను పోతే మీరిద్దరూ ఏ మాటలో మాటాడుకుంటారే?"

చెప్పడం అయ్యాక కళ్ళు తెరిచాను. బల్ల చుట్టూ ఎవరి చేతులూ కదలడం లేదు. వెర్లీన్ ఖాళీ కుర్చీ లాగి నా ముందు పెట్టింది. కూర్చోమని అనలేదు. కూర్చున్నాను. అది నా ఎదురుగా, కింద, తడి నేల మీద కూర్చుని, చేతులకి అంటిన పీత కండ తుడుచుకోకుండానే ముఖం కప్పుకుంది.

"మల్లీ సెప్పు," అంది.

సెప్పినాను.